యూనిట్ 12: ఇంటి ప్రయోగశాలలోని రౌటర్లకు దూరం నుంచి కన్సోల్ ప్రవేశం - లోపాలను గుర్తించే పద్ధతి

12.0 ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
- కన్సోల్ ప్రవేశానికీ, మామూలు టెల్‌నెట్ ప్రవేశానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
- టెర్మినల్ సర్వర్ ద్వారా రౌటర్ కన్సోల్‌ను చేరే మార్గాన్ని అంచెలుగా విభజించగలుగుతారు.
- తెరపై వచ్చిన సందేశాన్ని బట్టి లోపం ఏ అంచెలో ఉందో నిర్ధారించి, సరిచేయగలుగుతారు.
- దూరం నుంచి కన్సోల్ వాడేటప్పుడు పాటించవలసిన భద్రతా నియమాలను పేర్కొనగలుగుతారు.

12.1 ప్రస్తావన

దూరవిద్యలో నెట్‌వర్కింగ్ చదివే విద్యార్థికి కళాశాల ప్రయోగశాల రోజూ అందుబాటులో ఉండదు. అందుకే చాలామంది రెండు మూడు పాత రౌటర్లను కొని ఇంట్లోనే చిన్న ప్రయోగశాల ఏర్పాటు చేసుకుంటారు. ఉద్యోగం ఒక ఊళ్లో, రౌటర్లు మరో ఊళ్లో ఉన్నవారు ఆ పరికరాలను దూరం నుంచి వాడుకోవాలి.

రౌటింగ్ అభ్యాసాలు చేసేటప్పుడు ఐపీ చిరునామా తప్పుగా ఇవ్వడం, ఇంటర్‌ఫేస్‌ను ఆపివేయడం, యాక్సెస్ లిస్టులో ఒక వరుస తారుమారు కావడం సహజం. అలా జరిగిన మరుక్షణం టెల్‌నెట్ ద్వారా ఆ రౌటర్‌ను చేరే దారి మూసుకుపోతుంది. అప్పుడు మిగిలే ఒకే ఒక్క ద్వారం కన్సోల్. అది కూడా తెరుచుకోకపోతే ఇంటికి వెళ్లేదాకా అభ్యాసం ఆగిపోయినట్లే. కాబట్టి కన్సోల్ మార్గాన్ని ఏర్పాటు చేయడం ఎంత ముఖ్యమో, అది పనిచేయనప్పుడు లోపాన్ని ఒక క్రమంలో వెదకడం కూడా అంతే ముఖ్యం.

గమనిక: ఈ యూనిట్‌లో సిస్కో రౌటర్ల ఆదేశాలనూ సందేశాలనూ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో, కొటేషన్ గుర్తుల మధ్య ఇచ్చాం. కీబోర్డుపై వాటిని ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయాలి.

12.2 కన్సోల్ ప్రవేశం ప్రత్యేకత

మామూలు టెల్‌నెట్ లేదా ఎస్‌ఎస్‌హెచ్‌తో రౌటర్‌లోకి వెళ్లాలంటే ఆ రౌటర్‌కు ఐపీ చిరునామా ఉండాలి, ఇంటర్‌ఫేస్ పనిచేస్తూ ఉండాలి, దారి తెలిసి ఉండాలి. కన్సోల్‌కు ఇవేవీ అక్కర్లేదు. అది ఆర్‌ఎస్-232 ప్రమాణాన్ని అనుసరించే సీరియల్ పోర్టు. ఒక తీగపై అక్షరాలు వెళ్తాయి, మరో తీగపై అక్షరాలు వస్తాయి. సిస్కో రౌటర్లలో ఈ పోర్టు మామూలుగా సెకనుకు 9600 బిట్ల వేగం, 8 డేటా బిట్లు, పారిటీ లేకుండా, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ లేకుండా పనిచేస్తుంది. రౌటర్ ఆన్ అయిన క్షణం నుంచి వచ్చే సందేశాలన్నీ ఈ పోర్టులోనే కనిపిస్తాయి.

అయితే కన్సోల్ కేబుల్ పొడవు కొద్ది మీటర్లే. ఆ చివర మనిషి కూర్చోవాలి. మనిషికి బదులుగా ఆ చివర కూర్చునే యంత్రమే టెర్మినల్ సర్వర్. ఒకవైపు దానికి నెట్‌వర్క్ ఉంటుంది. మరోవైపు అసింక్రనస్ లైన్లు అనే సీరియల్ పోర్టులు ఉంటాయి. ఒక్కొక్క లైన్ ఒక్కొక్క రౌటర్ కన్సోల్‌కు కలుస్తుంది.

ఇంటి ప్రయోగశాలల్లో ఎక్కువగా కనిపించే ఉదాహరణ సిస్కో 2511. దీనిలో 16 అసింక్రనస్ లైన్లు ఉంటాయి. 2509 నమూనాలో 8 ఉంటాయి. 68 పిన్నుల పోర్టుకు కలిపే ఆక్టల్ కేబుల్ నుంచి ఎనిమిది ఆర్‌జే-45 కొసలు బయటకు వస్తాయి. వాటిని నేరుగా రౌటర్ల కన్సోల్ పోర్టులలో పెట్టవచ్చు. ఈ కొసలు ముందే రోల్‌ఓవర్ పద్ధతిలో తయారై ఉంటాయి కాబట్టి మధ్యలో మరో రోల్‌ఓవర్ కేబుల్ కలపకూడదు. కలిపితే తీగల క్రమం తిరిగి తలకిందులై, సంకేతం చేరదు.

12.3 రివర్స్ టెల్‌నెట్: మార్గంలోని నాలుగు అంచెలు

మామూలు టెల్‌నెట్‌లో మనం రౌటర్‌లోకి వెళ్తాం. టెర్మినల్ సర్వర్ విషయంలో దాని లోపలికి కాకుండా, దాని లైన్ గుండా అవతలి రౌటర్ కన్సోల్‌కు వెళ్తాం. దీన్ని రివర్స్ టెల్‌నెట్ అంటారు. ఏ లైన్ గుండా వెళ్లాలో టీసీపీ పోర్టు సంఖ్య చెబుతుంది. లైన్ సంఖ్యకు 2000 కలిపితే ఆ పోర్టు వస్తుంది. మొదటి లైనుకు 2001, మూడో లైనుకు 2003. మాడ్యూళ్లు అమర్చుకునే నమూనాలలో లైన్ సంఖ్యలు 1 నుంచే మొదలుకావు. ఉదాహరణకు 2600 రౌటర్‌లో స్లాట్ 1లో పెట్టిన మాడ్యూలుకు లైన్లు 33 నుంచి మొదలవుతాయి. అక్కడ మొదటి పోర్టు 2033 అవుతుంది. "షో లైన్" ఆదేశంతో అసలు సంఖ్యను చూసుకోవాలి.

మీరు టైపు చేసిన అక్షరం నాలుగు అంచెలు దాటుతుంది:

(1) మీ కంప్యూటర్ నుంచి టెర్మినల్ సర్వర్ వరకు ఐపీ నెట్‌వర్క్.
(2) టెర్మినల్ సర్వర్‌లోని లైన్, దాని అమరిక.
(3) లైన్ నుంచి కన్సోల్ పోర్టు వరకు కేబుల్, దానిపై వేగం.
(4) అవతలి రౌటర్.

ఈ యూనిట్‌లోని ముఖ్యాంశం ఇదే: తెరపై వచ్చే సందేశం మీ మాట ఏ అంచె దాకా చేరిందో చెబుతుంది. దాన్ని సరిగా చదివితే నాలుగింటిలో మూడు అంచెలను ముట్టుకోనవసరం లేదు. చదవకుండా కేబుల్ మార్చడం, రీస్టార్ట్ చేయడం, అమరిక మార్చడం ఒకేసారి చేస్తే పాత లోపం పక్కన కొత్తది చేరుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఆ మార్పు ఫలితాన్ని చూసిన తరువాతే రెండోదానికి వెళ్లాలి.

12.4 కనీస అమరిక

టెర్మినల్ సర్వర్‌లో మొదట ఒక లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్‌ను సృష్టించి, 10.10.10.10 వంటి చిరునామా ఇస్తారు. ఈథర్‌నెట్ ఆగినా లూప్‌బ్యాక్ ఆగదు కాబట్టి టెర్మినల్ సర్వర్ తన లైన్లను తాను ఎప్పుడూ చేరగలుగుతుంది. తరువాత "ఐపీ హోస్ట్ ఆర్1 2001 10.10.10.10" వంటి ఆదేశాలతో ప్రతి రౌటర్‌కూ ఒక పేరు పెడతారు. ఆపై "ఆర్1" అని టైపు చేస్తే చాలు, ఆ కన్సోల్ తెరుచుకుంటుంది.

లైన్లకు ఇవ్వవలసిన ఆదేశాలలో రెండు కీలకమైనవి. "ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ టెల్‌నెట్" అనేది ఆ లైన్‌లోకి టెల్‌నెట్‌ను అనుమతిస్తుంది. ఇది ఇవ్వకపోతే లైన్ ఎవరినీ రానివ్వకపోవచ్చు. "నో ఎగ్జిక్" అనేది ఆ లైన్‌పై టెర్మినల్ సర్వర్ తనంతట తాను ప్రాంప్ట్ ఇవ్వకుండా ఆపుతుంది. దీని అవసరం 12.6లో స్పష్టమవుతుంది. చివరగా అమరికను తప్పక భద్రపరచాలి. భద్రపరచని అమరిక కరెంటు పోగానే పోతుంది.

12.5 సందేశాన్ని బట్టి లోపాన్ని గుర్తించడం

12.5.1 "కనెక్షన్ టైమ్డ్ అవుట్"

అవతలి నుంచి ఏ జవాబూ రాలేదని దీని అర్థం. లోపం మొదటి అంచెలో ఉంది. రౌటర్ కన్సోల్‌కూ, ఆక్టల్ కేబుల్‌కూ దీనితో సంబంధం లేదు. టెర్మినల్ సర్వర్‌కు పింగ్ పంపి చూడండి. పింగ్ కూడా రాకపోతే దాని విద్యుత్తు, ఈథర్‌నెట్ కేబుల్, ఐపీ చిరునామా, డిఫాల్ట్ గేట్‌వే వరుసగా పరిశీలించండి. 2511 ఈథర్‌నెట్ పోర్టు 15 పిన్నుల ఏయూఐ రకానిది. దానికి విడిగా పెట్టే ట్రాన్సీవర్ వదులైనా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఇంట్లో నుంచి పనిచేస్తూ బయటి నుంచి మాత్రమే పనిచేయకపోతే గేట్‌వేనూ, 12.7లోని విషయాలనూ చూడాలి.

12.5.2 "కనెక్షన్ రెఫ్యూజ్డ్"

విద్యార్థులు ఎక్కువగా కంగారుపడేది ఈ సందేశానికే. నిజానికి ఇది శుభవార్త. నిరాకరణ కూడా ఒక జవాబే. టెర్మినల్ సర్వర్ బతికే ఉంది, మీ ప్యాకెట్ దానికి చేరింది, అది వద్దని తిరిగి చెప్పింది. అంటే సాధారణంగా మొదటి అంచె బాగుంది, లోపం రెండో అంచెలో ఉంది. కారణాలు ప్రధానంగా మూడు.

మొదటిది, లైన్‌పై టెల్‌నెట్‌కు అనుమతి లేకపోవడం. దీన్ని "ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్" ఆదేశంతో సరిచేయాలి. రెండోది, పోర్టు సంఖ్య తప్పు కావడం. మూడోది, లైన్ అప్పటికే వాడుకలో ఉండటం. ఒక లైన్‌ను ఒక సమయంలో ఒక్కరే వాడగలరు. "షో లైన్" ఫలితంలో లైన్ సంఖ్య ముందు నక్షత్రం గుర్తు ఉంటే అది వాడుకలో ఉన్నట్లు. మీరే ఇంతకు ముందు తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కి, ఆపై ఎక్స్ నొక్కి పక్కన పెట్టిన సెషన్ కావచ్చు. "షో సెషన్స్" ఆదేశంతో చూసి, దాని సంఖ్యను టైపు చేస్తే తిరిగి అందులోకి వెళ్తారు. అవసరం లేకపోతే "డిస్‌కనెక్ట్" ఆదేశంతో తొలగించవచ్చు.

అది మీ సెషన్ కాకపోతే "క్లియర్ లైన్ 3" వంటి ఆదేశంతో లైన్‌ను ఖాళీ చేయవచ్చు. ఒక్కోసారి ఈ ఆదేశాన్ని రెండు మూడుసార్లు ఇవ్వవలసి వస్తుంది. మిత్రులతో కలిసి వాడుకునే ప్రయోగశాల అయితే ముందు "షో యూజర్స్" చూడండి. మరొకరు పని మధ్యలో ఉండగా లైన్ క్లియర్ చేస్తే వారి సెషన్ తెగిపోతుంది.

12.5.3 "ఓపెన్" అని వచ్చి, తరువాత నిశ్శబ్దం

"ఓపెన్" అనే మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. దాని అర్థం టెర్మినల్ సర్వర్ లైన్ తెరుచుకుందని మాత్రమే. అవతల రౌటర్ ఉన్నదనీ, కేబుల్ కలిసి ఉందనీ అది హామీ ఇవ్వదు. కేబుల్ కొస గాలిలో వేలాడుతున్నా "ఓపెన్" అనే వస్తుంది. కాబట్టి ఇక్కడి నుంచి వెదకవలసింది మూడు, నాలుగు అంచెలలోనే.

ముందుగా ఎంటర్ కీని రెండుసార్లు నొక్కండి. కన్సోల్ తనంతట తాను పలకరించదు. అప్పటికీ జవాబు లేకపోతే ఇవి చూడండి: రౌటర్‌కు విద్యుత్తు ఉందా? కొస కన్సోల్ పోర్టులోనే ఉందా? కన్సోల్, ఆగ్జిలరీ, ఈథర్‌నెట్ పోర్టులు మూడూ ఆర్‌జే-45 ఆకారంలో ఉండే నమూనాలలో పొరపాటు తేలిక. సిస్కో రంగుల పద్ధతిలో కన్సోల్ లేత నీలం, ఆగ్జిలరీ నలుపు, ఈథర్‌నెట్ పసుపు. మధ్యలో అదనపు రోల్‌ఓవర్ కేబుల్ ఉందా? మీరు ఊళ్లో లేనప్పుడు ఈ పరిశీలన ఫోనులో అమ్మతోనో తమ్ముడితోనో చేయించవలసి వస్తుంది. అందుకని ప్రతి కొసకూ, ప్రతి రౌటర్‌కూ ముందే చీటీ అంటించి పేరు రాసి ఉంచండి.

రౌటర్ సందేశాలు కనిపిస్తూ, మీరు టైపు చేసినది మాత్రం చేరకపోతే రెండు అవకాశాలున్నాయి. లైన్‌పై హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్ అయి ఉండవచ్చు, లేదా కేబుల్‌లో పంపే తీగ ఒక్కటీ తెగి ఉండవచ్చు.

12.5.4 అర్థంకాని అక్షరాలు

తెరపై పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే కేబుల్ బాగుంది, రౌటర్ బతికి ఉంది. తేడా వేగంలో ఉంది. ఒకరు 9600 వేగంతో, మరొకరు 115200 వేగంతో మాట్లాడుతున్నారు. పాత రౌటర్ కొన్నప్పుడు ఇది తరచుగా ఎదురవుతుంది. వెనుకటి యజమాని పెద్ద ఫైలు ఎక్కించడానికి కన్సోల్ వేగం పెంచి, తిరిగి తగ్గించి ఉండకపోవచ్చు. టెర్మినల్ సర్వర్‌లో ఆ ఒక్క లైన్ వేగాన్ని "స్పీడ్" ఆదేశంతో మార్చి చూడండి. లోపలికి వెళ్లగలిగాక "షో వెర్షన్" ఫలితం చివర కనిపించే కాన్ఫిగరేషన్ రిజిస్టర్ విలువ హెక్సాడెసిమల్ 2102గా ఉందో లేదో చూడండి. కన్సోల్ లైన్ కింద "స్పీడ్" ఆదేశం ఉందేమో కూడా చూసి సరిచేయండి.

12.5.5 తెరుచుకుంది, కానీ వేరే రౌటర్

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. ఎందుకంటే ఇక్కడ ఏ దోష సందేశమూ రాదు. ఆర్2 అనుకుని ఆర్3లో "రీలోడ్" ఇచ్చే అవకాశం ఉంది. ప్రతి రౌటర్‌కూ వేరువేరు హోస్ట్‌నేమ్ పెట్టండి. అమరికను చెరిపే, మార్చే ఏ ఆదేశానికైనా ముందు ప్రాంప్ట్‌లోని పేరు చదవండి. ప్రాంప్ట్‌లో "రోమ్‌మాన్" అని కనిపిస్తే రౌటర్ ఆపరేటింగ్ సిస్టమ్ లోడ్ కాలేదని అర్థం. రౌటర్ మొదలయ్యే తొలి నిమిషంలో సీరియల్ లైన్‌పై బ్రేక్ సంకేతం వస్తే ఇలా ఆగవచ్చు. "రీసెట్" ఇస్తే మళ్లీ మొదలవుతుంది.

12.6 ఒక ఉదాహరణ

ఒక విద్యార్థి ప్రయోగశాల కరీంనగర్‌లోని ఇంట్లో ఉందనీ, అతను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడనీ అనుకుందాం. నాలుగు రౌటర్లు 1 నుంచి 4 వరకు లైన్లకు కలిపి ఉన్నాయి. సాయంత్రం గాలివానకు కరెంటు పోయి వచ్చింది. రాత్రి చూస్తే ఆర్1, ఆర్2, ఆర్4 తెరుచుకుంటున్నాయి. ఆర్3కు మాత్రం "కనెక్షన్ రెఫ్యూజ్డ్" వస్తోంది.

మూడు రౌటర్లు తెరుచుకున్నాయి కాబట్టి మొదటి అంచె నిస్సందేహంగా బాగుంది. నిరాకరణ వచ్చింది కాబట్టి లోపం రెండో అంచెలోనే ఉంది. "షో లైన్" ఇస్తే మూడో లైన్ ముందు నక్షత్రం ఉంది. ఆ వరుసలో నాయిస్ సంఖ్య మిగతావాటికంటే చాలా ఎక్కువగా ఉంది. ఎవరూ వాడని లైన్ ఎలా వాడుకలోకి వచ్చింది?

కరెంటు రాగానే ఆర్3 తన ప్రారంభ సందేశాలను కన్సోల్‌లోకి పంపింది. మూడో లైన్‌పై "నో ఎగ్జిక్" లేదు. దాంతో టెర్మినల్ సర్వర్ ఆ అక్షరాలను ఎవరో మనిషి టైపు చేస్తున్నట్లు భావించి, లైన్‌పై ఎగ్జిక్ సెషన్ మొదలుపెట్టి తన ప్రాంప్ట్ పంపింది. ఆ ప్రాంప్ట్ ఆర్3కు ఆదేశంలా కనిపించింది. అది తప్పు ఆదేశమని ఆర్3 జవాబిచ్చింది. ఆ జవాబు మళ్లీ టెర్మినల్ సర్వర్‌కు ఆదేశమైంది. ఇలా రెండు యంత్రాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉండగా లైన్ ఖాళీ కాలేదు.

"క్లియర్ లైన్ 3" ఇస్తే లైన్ ఖాళీ అయింది, ఆర్3 తెరుచుకుంది. అంతటితో పని పూర్తికాలేదని గమనించండి. అది లక్షణాన్ని తొలగించింది, కారణాన్ని కాదు. మళ్లీ కరెంటు పోయి వస్తే మళ్లీ ఇదే జరుగుతుంది. అమరికను పరిశీలిస్తే, మిగతా లైన్లకు "నో ఎగ్జిక్" ఉంది. తరువాత కలిపిన మూడో లైనుకు మాత్రం లేదు. దాన్ని ఇచ్చి, అమరికను భద్రపరచినప్పుడే లోపం సరిచేసినట్లు.

12.7 ఇంటి బయటి నుంచి ప్రవేశం, భద్రత

టెల్‌నెట్ ప్రమాణం 1983 నాటిది. పాస్‌వర్డుతో సహా అన్నిటినీ అది ఉన్నదున్నట్లుగా పంపుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ 1995లో వచ్చింది. పాత రౌటర్ల ఐఓఎస్‌లలో చాలావాటిలో అది ఉండదు. కాబట్టి 23, 2001 వంటి పోర్టులను ఇంటి గేట్‌వేలో పోర్ట్ ఫార్వర్డింగ్ ద్వారా ఇంటర్నెట్‌కు ఎన్నడూ తెరవకండి. బయటి నుంచి ఇంటి వరకు వీపీఎన్‌తో రావాలి. టెల్‌నెట్‌ను ఇంటి నెట్‌వర్క్ లోపల మాత్రమే వాడాలి.

మరో చిక్కు ఉంది. ఐపీ వెర్షన్ 4 చిరునామాల కొరత వల్ల మన దేశంలో అనేక గృహ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు క్యారియర్ స్థాయి నాట్ వెనుక ఉంటాయి. మీ గేట్‌వే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అదే పరిస్థితి. అప్పుడు బయటి నుంచి మొదలైన కనెక్షన్ మీ ఇంటికి చేరదు. గేట్‌వేలో అమరిక ఎంత మార్చినా "టైమ్డ్ అవుట్" అనే వస్తుంది. దీనికి మార్గం, ఇంట్లోని ఒక చిన్న కంప్యూటర్ నుంచే బయటి సర్వర్‌కు వీపీఎన్ మొదలుపెట్టడం. మీరూ అదే సర్వర్‌కు కలిస్తే ఇద్దరూ ఒకే సొరంగంలో కలుసుకుంటారు.

సెషన్ ముగించే పద్ధతి కూడా భద్రతలో భాగమే. మీరు టెల్‌నెట్ మూసేసినంత మాత్రాన అవతలి కన్సోల్ లాగ్‌అవుట్ కాదు. మీరు ఎనేబుల్ స్థితిలో వదిలేస్తే, ఆ లైన్‌లోకి తరువాత వచ్చినవారికి పాస్‌వర్డు అడగకుండానే ఎనేబుల్ ప్రాంప్ట్ దొరుకుతుంది. సిస్కో కన్సోల్‌కు మామూలుగా 10 నిమిషాల ఎగ్జిక్ టైమ్‌అవుట్ ఉంటుంది. సౌకర్యం కోసం "ఎగ్జిక్ టైమ్‌అవుట్ 0 0" ఇచ్చినవారికి ఆ రక్షణ కూడా ఉండదు. అందుకని ముందు రౌటర్‌లో "ఎగ్జిట్" ఇచ్చి, ఆ తరువాతే సెషన్ మూయండి.

12.8 తక్కువ ఖర్చుతో మరో పద్ధతి

టెర్మినల్ సర్వర్ దొరకనివారు రాస్‌ప్‌బెర్రీ పై వంటి చిన్న లైనక్స్ కంప్యూటర్‌కు యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్లు కలిపి వాడుకోవచ్చు. అంచెలు మారవు, రెండో అంచెలోని యంత్రం మాత్రమే మారుతుంది. ఇక్కడ ఎదురయ్యే లోపాలు మూడు. పోర్టు తెరవడానికి అనుమతి లేదని వస్తే, డెబియన్ తరహా లైనక్స్‌లలో మీ యూజర్‌ను "డయల్‌అవుట్" గ్రూపులో చేర్చాలి. పోర్టు ఖాళీ లేదని వస్తే, ముందు తెరిచిన మినీకామ్ లేదా స్క్రీన్ ప్రోగ్రాం ఇంకా నడుస్తోందేమో చూడాలి. రీస్టార్ట్ తరువాత కేబుళ్ల పేర్లు తారుమారైతే 12.5.5లో చెప్పిన ప్రమాదమే ఎదురవుతుంది. కేబుల్ ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉందో దాన్ని బట్టి స్థిరమైన పేరు ఇచ్చే యూడెవ్ నియమం రాసుకుంటే ఈ సమస్య తీరుతుంది.

12.9 సారాంశం

కన్సోల్ అనేది నెట్‌వర్క్ మీద ఆధారపడని ద్వారం. దాన్ని దూరం నుంచి చేరడానికి నాలుగు అంచెలు దాటాలి. "టైమ్డ్ అవుట్" మొదటి అంచెను, "రెఫ్యూజ్డ్" రెండో అంచెను చూపుతుంది. "ఓపెన్" తరువాతి నిశ్శబ్దం మూడు, నాలుగు అంచెలను, పిచ్చి అక్షరాలు వేగంలోని తేడాను చూపుతాయి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. లక్షణం పోయాక కారణాన్ని కూడా తొలగించి, అమరికను భద్రపరచాలి.

12.10 మీ ప్రగతిని తెలుసుకోండి

1. 2511లో 7వ లైన్‌కు రివర్స్ టెల్‌నెట్ పోర్టు సంఖ్య ఎంత?
2. కేబుల్ కలపని లైన్‌కు కూడా "ఓపెన్" అని ఎందుకు వస్తుంది?
3. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" వచ్చినప్పుడు టెర్మినల్ సర్వర్‌కు పింగ్ పంపడం ఎందుకు అనవసరం?

12.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దూరపు కన్సోల్ ప్రవేశంలోని నాలుగు అంచెలను వివరించి, ఒక్కొక్క అంచెలో వచ్చే లోపాలను చర్చించండి.
2. కరెంటు పోయి వచ్చిన తరువాత ఒక లైన్ వాడుకలో ఉండిపోవడానికి కారణాన్నీ, శాశ్వత పరిష్కారాన్నీ వివరించండి.

II. కింది వాటికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్యారియర్ స్థాయి నాట్ వల్ల కలిగే చిక్కు, దానికి పరిష్కారం.
2. సెషన్ మూసే ముందు "ఎగ్జిట్" ఇవ్వవలసిన అవసరం.